చెన్నైలో పుట్టినరోజుకు ఆశ్రమంలో భోజనం: సేవ ఎలా ఉంది, ఏం చూసుకోవాలి

పెరంబూరులోనైనా టి.నగర్‌లోనైనా మన తెలుగువాళ్ల ఇళ్లల్లో పిల్లల పుట్టినరోజుకో పెద్దల తిథికో అనాథ పిల్లల హోమ్‌లో ఒక పూట భోజనం పెట్టించడం మామూలే. ఫోన్ చేస్తే తేదీ రాసుకుంటారు, డబ్బు కడితే రసీదు ఇస్తారు. అంతవరకు సేవకు వంక పెట్టడానికి లేదు.

చిక్కంతా ఆదివారాలతోనే. ఒకే రోజు ఇద్దరు ముగ్గురు దాతలు వచ్చిపడతారు. పొద్దున కేకు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మళ్లీ కేకు. రాత్రికి చిన్నవాళ్లకు కడుపునొప్పి. మంగళవారం మాత్రం ఉత్త సాంబారన్నం. అందుకే వారం మధ్యలో రోజు అడగండి. బయట కొని తేకుండా వాళ్ల వంటింట్లోనే వండించండి, గుడ్డూ అరటిపండూ చేర్చమనండి.

పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు తీయించే హోమ్‌కు మేం మార్కులు వేయం. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ఈ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

“మీ అమ్మానాన్న లేరా?” అని అడగొద్దు. చట్టం లెక్కలో తల్లిదండ్రులు లేనివాళ్లే కాదు, సంరక్షకుడు సాకలేని, సాకనన్న బిడ్డ కూడా అనాథే. తల్లి బతికుండి, పోషించలేక హోమ్‌లో ఉంచిన పిల్లలూ అక్కడే ఉంటారు. ఆ ప్రశ్న వాళ్లకు ముల్లే.

డబ్బు కట్టే ముందు అదే చట్టంలోని 41వ సెక్షన్ కింద హోమ్‌కు ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. దాని గడువు 5 ఏళ్లు. పిల్లలు బాలల సంక్షేమ కమిటీ (ఏ బిడ్డను హోమ్‌లో ఉంచాలో నిర్ణయించే కమిటీ) ఉత్తర్వుతోనే చేరారా అని కూడా అడగండి. మరుగుదొడ్లు లెక్కపెట్టండి: నిబంధనల ప్రకారం 7 మందికి ఒకటి, 10 మందికి ఒక స్నానాలగది ఉండాలి. ఇవి అడిగితే మొహం మాడ్చుకునే చోట భోజనం పెట్టించకపోవడమే మంచిది.

తెలుగు మాట్లాడే బిడ్డ కనిపిస్తే ఊరి వివరాలు ఫైలులో ఉన్నాయా అని వార్డెన్‌ను అడగండి. 95వ సెక్షన్ ప్రకారం కమిటీ ఆ బిడ్డను సొంత రాష్ట్రానికి పంపించవచ్చు. పసిపిల్లలు ఊరి పేరు ముద్దుగా, వంకరగా పలుకుతారు. తమిళం మాత్రమే తెలిసిన సిబ్బంది దాన్ని తప్పుగా రాసుకుంటే ఇంటివాళ్ల కోసం వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్క పేరు సరిగ్గా రాయించడం పది బిర్యానీల పెట్టు.

భోజనం డబ్బులో కొంత మిగిలితే 18 నిండి బయటికి వెళ్లబోయేవాళ్లకు కేటాయించమని రసీదు మీదే రాయించండి: హాస్టల్ అడ్వాన్సు, రెండు జతల బట్టలు, మొదటి నెల బస్ పాస్.