నాలుగేళ్ళుగా ఇంట్లోనే పద్యాలు: ఏ వయసుకు ఏది నప్పింది

మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు. మొదలుపెట్టినప్పుడు బాబుకు 9 ఏళ్ళు, పాపకు 6. తెలుగు పద్యం కోసం మొదట ఆరు నెలలు డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాం. తర్వాత ఊరి నుంచి తెచ్చుకున్న వేమన, సుమతి శతకాల సన్న పుస్తకాలకు మారాం. ఇప్పటికీ అవే వాడుతున్నాం. అయితే వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడలేం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ కోర్సులో 9 ఏళ్ళ వాడికి దాశరథీ శతకం ఇచ్చారు. భక్తి పద్యాలు కదా, పిల్లలకు మంచిదే అనుకున్నాం. కానీ అవి ఉత్పలమాలలు, చంపకమాలలు అనే పొడుగు పాదాల పద్యాలు. పాదానికి 20, 21 అక్షరాలు. పాదం సగంలో వాడికి ఊపిరి అయిపోయేది, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. పైగా అందులో ఏ అలంకారం ఉందో రాయమని వర్క్‌షీటు. పద్యం పేరెత్తితే ఏడుపు మొహం పెట్టేవాడు. చూసి నాకే టెన్షన్ వచ్చేది.

మా మామగారు అనంతపురం నుంచి ఫోన్‌లో ఒక్కటే మాట అన్నారు: "ముందు ఆటవెలది చెప్పించమ్మా, వాడే పాడతాడు." వేమన పద్యాలు నడిచే చిన్న ఛందస్సు అది. అలాగే చేశాం. "తినగ తినగ వేము తియ్యనుండు" అనే పాదాన్ని చప్పట్లతో చెప్పి చూడండి. తినగ, తినగ, వేము, తియ్య, నుండు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు అక్షరానికి రెండు అని లెక్కేస్తే ఒక్కోటి మూడు మాత్రలు, సరిగ్గా ఐదు చప్పట్లు. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం ఎప్పుడూ ఇలాగే ఐదు సూర్యగణాలతో, అంటే ఇలాంటి మూడు మాత్రల ముక్కలతో నడుస్తాయి. చివరి పాదం మకుటం, అంటే ప్రతి పద్యంలోనూ తిరిగి వచ్చే "విశ్వదాభిరామ వినురవేమ" కాబట్టి అది ముందే నోటికి వచ్చేసి ఉంటుంది. పిల్లవాడు నేర్చుకోవాల్సింది మూడు పాదాలే. వారం తిరక్కుండా మావాడు అప్పజెప్పాడు.

ఇక్కడే ఇంకో సంగతి జరిగింది. "వేము" అంటే ఏమిటని పాప అడిగింది. నేను వేప అని చెప్పేలోపే పక్కింటి కన్నడ అజ్జి (అవ్వ) "బేవు కణమ్మా, బేవు" అంది. ఉగాదికి ఆవిడ పెట్టే బేవు-బెల్లం పాపకు బాగా తెలుసు. మన పాత మాట కన్నడం దగ్గర అలా దొరికింది. అప్పటి నుంచి వేమన పద్యం ఒకటి నేర్చుకుంటే అజ్జి దగ్గర కన్నడ కవి సర్వజ్ఞుడి త్రిపది (మూడు పాదాల పద్యం) ఒకటి వింటారు. బెంగళూరులో ఉండి తెలుగు నేర్పించేవాళ్ళు ఈ అవకాశాన్ని వదులుకోకండి.

మా అనుభవంలో ఏడేళ్ళ లోపు పద్యం అసలు వద్దు. కాళ్ళాగజ్జి, చెమ్మచెక్క చాలు. పాపకు రెండేళ్ళు అవే. ఎనిమిదో ఏట నుంచి వేమన. పదో ఏట గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయం పెట్టాం, నడకకు తగ్గట్టు అడుగులు వేస్తూ ఇల్లంతా తిరిగారు. సుమతి శతకం నడిచే ఛందస్సు కందం మాత్రం 11 దాకా ఆపాను. ఒక పాదం పొట్టి, ఒక పాదం పొడుగు కావడంతో చిన్నవాళ్ళు రెండో పాదంలో తడబడతారు. పైగా సుమతి శతకంలో చెప్పేది లోకం తీరు. అపకారికి కూడా ఉపకారం చేసేవాడే నేర్పరి అనే పద్యం చదివి బాబు రెండు రోజులు నాతో వాదించాడు. తొమ్మిదేళ్ళప్పుడైతే ఊరికే అప్పజెప్పి ఆడుకోవడానికి పోయేవాడు.

ఇప్పుడు 13లో పోతన గజేంద్ర మోక్షం మొదలైంది. విష్ణుమూర్తి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తే మత్తేభం (పాదానికి 20 అక్షరాల పద్యం) వాడికి ప్రాణం. ఒకప్పుడు 20 అక్షరాలకు ఏడ్చినవాడు ఇప్పుడు ఒక్క ఊపులో లాగేస్తున్నాడు.

లోపాలు కూడా చెప్పాలి. ఈ పుస్తకాలను ముందు మీరు పూర్తిగా చదవండి. రెండు శతకాల్లోనూ ఆడవాళ్ళను కించపరిచే పద్యాలున్నాయి. నేను వాటిని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన పెట్టాను. పెద్దయ్యాక వాళ్ళతో కూర్చుని, ఆ కాలం గురించి మాట్లాడుతూ చదవాలని ఉంది. తాత్పర్యాలు చాలాచోట్ల పద్యం కన్నా కష్టం, అవి వదిలేసి మీ మాటల్లో చెప్పండి. పాదం చివర మాట విరిగిపోతే పిల్లలు అక్కడే ఆగిపోతారు, కాబట్టి మాటలు విడదీసి ఒకసారి వచనంలా చదివించండి.

అన్నిటికన్నా పెద్ద లోటు రాత. నాలుగేళ్ళూ నోటి చదువే అయింది. ఆదివారం తాతయ్యకు ఫోన్‌లో అప్పజెప్పడం తప్ప పరీక్ష లేదు. 14 నిండాక బాబు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) పదో తరగతికి తెలుగు తీసుకుంటానంటున్నాడు, అక్కడ రాయాలి. ఒత్తులు రాసేటప్పుడు వాడికి కన్నడ అక్షరాలు కలిసిపోతున్నాయి. అందుకని ఈ జూన్ నుంచి వారానికొక పద్యాన్ని చూడకుండా రాయిస్తున్నాను. తప్పులు దిద్దే పని పాప తీసుకుంది.