దొరికిన ఈక పావురానిదేనా? రంగు, కొలత, పట్టీ: ఏది నమ్మాలి?

బాల్కనీలోనో మెట్ల మీదో దొరికిన ఈకను ఫొటో తీసి "ఇది పావురానిదా, గువ్వదా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చాలా ఫొటోల్లో ఈక పక్కన స్కేలు ఉండదు, ఈకకు ఒక వైపే కనిపిస్తుంది. అలాంటప్పుడు చెప్పేవాళ్లకు మిగిలేది రంగొక్కటే. రంగు, కొలత, తోక ఈక మీది నల్ల పట్టీ: ఈ మూడు ఆధారాల్లోనూ బలం తక్కువది అదే.

ఊరి పావురాల్లో పెంపుడువి కలిసిపోయి రంగులు కలగాపులగమయ్యాయి. బూడిద రంగువి, రెక్క నిండా నల్ల గళ్లున్నవి, దాదాపు నల్లవి, ఇటుక రంగువి, తెల్లవి అన్నీ ఒకే గుంపులో తిరుగుతాయి. అందుకే తెల్ల ఈక దొరికితే కొంగదని, నల్లది దొరికితే కాకిదని పొరబడతారు. యూరప్ పక్షుల పుస్తకాలు పావురం నడుము తెల్లగా ఉంటుందంటాయి. మన దేశపు పావురానికి అక్కడ కూడా బూడిద రంగే, కాబట్టి ఆ గుర్తును ఇక్కడ వెతకొద్దు. రంగును గట్టిగా నమ్మగలిగేది మెడ ఈకల్లోనే: మొదలంతా బూడిద, కొసన మాత్రం ఆకుపచ్చ, ఊదా మెరుపు. వెలుతురులో తిప్పితే ఒకటి రెండోదిగా మారుతుంది.

కొలతో పట్టీయో చూసేముందు అది రెక్క ఈకా, తోక ఈకా తేల్చుకోవాలి. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. రెక్క ఈకకు కాడ ఒక పక్కకు జరిగి ఉంటుంది, ఈక కాస్త వంగి ఉంటుంది. తోక ఈక దాదాపు తిన్నగా ఉంటుంది, కాడ ఇంచుమించు మధ్యలో ఉంటుంది, కొస వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. తోక అంచున ఉండే ఈక మాత్రం ఈ లెక్కకు లొంగదు, దాని కాడ కూడా పక్కకే ఉంటుంది.

రెక్క ఈకకు స్కేలు మేలు. బల్ల మీద పరిచి కాడ మొన నుంచి ఈక కొస దాకా కొలవండి. పావురం రెక్క చివరి పొడవాటి ఈకలు సుమారు 16–17 సెంటీమీటర్లు ఉంటాయి. మెడ వెనక నల్ల గీతుండే బూడిద గువ్వకు అవే ఈకలు 13–14 దగ్గర ఆగిపోతాయి, పొడ గువ్వవి ఇంకా పొట్టి. 20 దాటిన నల్లటి ఈకైతే కాకి వైపు చూడండి. చిక్కల్లా పావురం రెక్క లోపలి ఈకలతోనే. అవి 11–12 సెంటీమీటర్లే, పొడ గువ్వ పొడవాటి ఈకతో ఇంచుమించు సమానం. అప్పుడు కాడకు సన్నగా ఉన్న వైపు చూడాలి. అది బాగా ఇరుకై, ఈక సన్నగా పొడుగ్గా ఉంటే రెక్క చివరి ఈక. ఇంత పొట్టిగా ఉందంటే గువ్వదే. ఆ వైపు కూడా వెడల్పుగా ఉండి కొస గుండ్రంగా ఉంటే పావురం రెక్క లోపలి ఈక. ఇక్కడ పొడవు ఒక్కటీ చూసి తీర్పు చెప్పకూడదు. కాడ మొదలు కొరికినట్టు తెగి ఉంటే బహుశా పిల్లి పని. డేగ అయితే ఈకల్ని కాడతో సహా పీకేస్తుంది. తెగిన ఈక కొలత ఎలాగూ తప్పు.

తోక ఈకకు స్కేలు దండగ. బూడిద గువ్వ తోక పావురం తోకంత పొడవూ ఉంటుంది. ఇక్కడ నలుపు ఎక్కడుందో చూడాలి. పావురం ఈక మొదలు బూడిద రంగు, కొస దగ్గర వెడల్పాటి నల్ల పట్టీ, దాని తర్వాత సన్నటి బూడిద అంచు. గువ్వల తోక పక్క ఈకలు సరిగ్గా తలకిందులు: మొదలు నలుపు, కొస తెలుపు. తేడా ఈక అడుగు వైపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పావురం తోకలో అన్నిటికంటే బయటి ఈకకు బయటి వైపు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు చూసి గువ్వ అనేయకండి, కొసన నల్ల పట్టీ ఉందేమో చూడండి. ఇటుక రంగు పావురాలకు ఈ నల్ల పట్టీయే ఉండదు, తోక అంతా పాలిపోయి ఉంటుంది. ఈకకు అడ్డంగా నాలుగైదు చారలుంటే పావురాన్ని మరిచిపోయి డేగల్లో వెతకండి.

ఈకను తాకితే చేతికి అంటుకునే తెల్ల పొడి కాకిని పక్కన పెట్టడానికి పనికొస్తుంది, గువ్వను కాదు. దానికీ ఆ పొడి ఉంటుంది. ఫోన్ యాప్‌లు కూడా పైన చెప్పిన తప్పులే చేయవచ్చు. నూగు ముక్క మాత్రమే దొరికితే మైక్రోస్కోపో, డీఎన్‌ఏ పరీక్షో తప్ప దారి లేదు. అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఫొటో పంపేటప్పుడు పక్కన స్కేలు పెట్టి పై వైపు ఒకటి, అడుగు వైపు ఒకటి తీయండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.