ఈమాక్స్ ఫ్రింజ్ గుర్తులు ఆరేండ్లు వాడినంక నా ముచ్చట

నల్లగొండల ఇంట్ల కూసొనే పని చేస్త, పొద్దుగాల తెరిచిన ఈమాక్స్ (కోడ్, రాతలు రాసుకునే ఎడిటర్ ప్రోగ్రామ్) రాత్రికే మూస్త. దాని ఎడమ పక్క, కుడి పక్క సన్నటి పట్టీలు ఉంటయి, ఫ్రింజ్ అంటరు, మామూలుగ ఒక్కోటి 8 పిక్సెల్స్. లైన్ పొడుగైతే వంకర బాణం, ఎర్రర్ ఉంటే ఒక గుర్తు, గిట్లాంటియి అండ్లనే వస్తయి. 2007ల వచ్చిన 22వ వెర్షన్ నుంచి ఆ బొమ్మలు మనమే గీసుకోవచ్చు. చాలమందికి ఈ సంగతే తెల్వదు, థీమ్ మార్చుకుంటరు, ఫాంట్ మార్చుకుంటరు, గీ పట్టీని మాత్రం పట్టించుకోరు.

గీసుడు అంటే మౌస్‌తోని కాదు, డిఫైన్-ఫ్రింజ్-బిట్‌మ్యాప్ అనే ఫంక్షన్‌కి అంకెలు ఇయ్యాలె. ఒక్కో అంకె ఒక్కో వరుస, దాన్ని బైనరీల రాస్తే 1 ఉన్నకాడ చుక్క పడ్తది, 0 ఉన్నకాడ ఖాళీ, అంతే. రంగు బొమ్మల ఉండదు, ఫేస్ (రంగు, తీరు చెప్పే సెట్టింగ్) నుంచి వస్తది, కాబట్టి ఒక్క బొమ్మల రెండు రంగులు అడిగితే కుదరదు.

వార్నింగ్‌కి డైమండ్ గుర్తు పెడదామని మొదట 24, 60, 126, 255, 255, 126, 60, 24 అని రాసిన. వచ్చింది గని ఎందుకో మొద్దుగ, పప్పు గుత్తి లెక్క కొట్టింది. అప్పుడు మా నాయిన గట్టుప్పల్ నుంచి వచ్చి ఉన్నడు. ఆయన జిందగీ అంత మగ్గం మీదనే, ఇక్కత్ డిజైన్ గ్రాఫ్ పేపర్ మీద గడి గడికి గీసి పోగులు లెక్కగట్టే మనిషి. నేను స్క్రీన్ మీద పెద్దగ చేసి చూస్తుంటె ఎనకకెళ్లి వచ్చి నిలవడి, "ఎన్ని గళ్లురా?" అన్నడు. ఎనిమిది అన్న. "సరి గళ్లల్ల నడిమి గడి యాడుంటదిరా, మొన రెండు గళ్లయితది, బేసి పెట్టు" అని చాయ్ తాగెతందుకు పోయిండు. వెడల్పు 7 పెట్టి 8, 28, 62, 127, 62, 28, 8 అని రాస్తే మొన సాపుగ వచ్చింది! గంటన్నర నేను పడ్డ తిప్పలు ఆయనకి ఒక్క చూపు. ఆ డైమండ్ ఇప్పటికీ నా కాన్ఫిగ్‌ల ఉన్నది.

గిట్ (కోడ్‌ల ఏం మారిందో లెక్క పెట్టే టూల్) మార్పులకు పెట్టుకున్న నిలువు గీత ఇంకో కథ. మొదట్ల లైన్ లైన్‌కి నడుమ గ్యాప్ వచ్చి తెగిన పోగు లెక్క కనవడేది, లైన్ ఎత్తు బొమ్మ కంటె ఎక్కువ కదా. అదే ఫంక్షన్‌ల అలైన్ (బొమ్మ లైన్‌ల యాడ పడాల్నో చెప్పేది) కాడ సెంటర్ ఒక్కటే ఇయ్యకుండ పక్కన టి (అవును అని అర్థం) కూడ పెట్టి లిస్టుగ ఇస్తే, బొమ్మ లైన్ ఎత్తంత మళ్ల మళ్ల పడ్తది, అప్పుడు ఒక్క అంకె 224 చాలు, మూడు పిక్సెల్స్ గీత మీదికెళ్లి కిందిదాక ఎక్కడ తెగకుండ వస్తది.

నన్ను మస్తు సతాయించింది మాత్రం ఫ్రింజ్-ఇండికేటర్-అలిస్ట్, ఏ సూచనకు ఏ బొమ్మ రావాల్నో చెప్పే లిస్టు. వంకర బాణాల జాగల నా బొమ్మ పెట్టాల్నని విలువ మార్చే సెట్‌క్యూతోని మార్చిన, ఒక్క బఫర్‌ల (తెరిచిన ఒక్క ఫైల్‌ల) మారింది, మిగతా అన్నిట్ల పాతదే. రెండు దినాలు ప్యాకేజీల మీద పడ్డ. తీరా చూస్తే అది బఫర్-లోకల్, అంటే ఒక్కో బఫర్‌కి వేరే విలువ, అన్నిట్ల మారాల్నంటే సెట్‌క్యూ-డిఫాల్ట్ వాడాలె. తప్పు నాదే గని, కోపం ఈమాక్స్ మీదనే వచ్చింది, ఏం చేస్తం.

కొత్త మానిటర్ కొన్నంక ఇంకో లొల్లి మొదలైంది. పిక్సెల్స్ దట్టంగ ఉన్న స్క్రీన్ మీద 8 పిక్సెల్స్ బొమ్మ నువ్వు గింజంత అయితది, అక్షరాలు పెద్దగ చేసినా ఇది పెరగదు. వెడల్పు 16 దాక ఇయ్యొచ్చు కాబట్టి అన్ని మళ్ల గీసిన, అయితే పట్టీ 8 మీదనే ఉండె, బొమ్మ సగం కోసుకపోయింది. పట్టీ వెడల్పు మార్చే ఫ్రింజ్-మోడ్‌ల ఎడమకి 16 ఇచ్చిన, కుడికి 8 ఉంచిన. దానితోని రాసే జాగ కొద్దిగ తగ్గింది, పెద్ద స్క్రీన్ మీద ఓకే, పాత ల్యాప్‌టాప్‌ల మాత్రం వద్దనిపిస్తది.

ఒక లైన్‌కి ఒక పక్క ఒక్క బొమ్మనే పడ్తదని కూడ యాదుంచుకోవాలె. గిట్ గీత, ఎర్రర్ గుర్తు రెండూ ఎడమకే పెడితే ఒకటి ఇంకోదాన్ని మింగుతది, అందుకే ఎర్రర్లు కుడికి తోలిన. టెర్మినల్‌ల (ఉత్త అక్షరాల స్క్రీన్‌ల) అయితే ఫ్రింజే ఉండదు, సర్వర్‌లకి ఎస్ఎస్‌హెచ్ చేసి (దూరం నుంచి కనెక్ట్ అయి) పని చేసేటోళ్లకి ఈ కష్టమంత వేస్ట్, వాళ్లకి 30వ వెర్షన్‌ల ఫ్లైమేక్ (కోడ్‌ల తప్పులు చూపెట్టే ఈమాక్స్ భాగం) గుర్తులు మార్జిన్‌ల అక్షరాల లెక్క చూపెట్టుకునే సౌకర్యం వచ్చింది, అది చూసుకోవచ్చు.

ఒకప్పుడు నావి పదకొండు బొమ్మలు ఉండె, బుక్‌మార్క్‌కి ఒకటి, ఖాళీ లైన్‌కి ఒకటి, ఏందేందో. జాతర లెక్క ఉండేది పట్టీ, ఎర్రర్ ఏదో వెతుక్కోవాల్సి వచ్చేది. డిస్ట్రాయ్-ఫ్రింజ్-బిట్‌మ్యాప్ పెట్టి ఒక్కొక్కటి పీకేసిన, ఈమాక్స్ సొంత బొమ్మల మీద నేను గీసినయి ఉంటే పాతయి వాటంతట అవే వాపస్ వచ్చినయి. ఇప్పుడు నాలుగే మిగిలినయి: గిట్ గీత, ఎర్రర్‌కి చదరం, వార్నింగ్‌కి నాయిన డైమండ్, లైన్ మడతకి చిన్న చుక్క. పెద్ద మానిటర్ కోసం డైమండ్ మళ్ల గీసినప్పుడు 16 కాదు, 15 పెట్టిన.