డాబా గార్డెన్స్ ఫ్రేమ్ షాపు: పాత మ్యాపులు ఇవ్వాలనుకునేవాళ్ళకి

డాబా గార్డెన్స్‌లో ఫ్రేములు కట్టే ఈ షాపుకి పాత కాగితాలు ధైర్యంగా ఇవ్వొచ్చు. నేనిచ్చింది మా తాతగారి మద్రాసు మ్యాపు. ఆయన అక్కడ గుమాస్తాగా చేసి, తర్వాత ఇక్కడి పోర్టులో ఉద్యోగం దొరికి వైజాగ్ వచ్చేశారు. మడతల దగ్గర చిరిగి, అంచులు పురుగు తినేసిన ఆ మ్యాపులో నాకు కావలసినవి ట్రాము దారులు. సన్నటి ఎర్రగీతలు. మౌంట్ రోడ్డు మీద ఒకటి, రాయపురం వైపు ఇంకొకటి. తాతయ్య ఎక్కి దిగే చోట్ల పెన్సిలు టిక్కులు.

మన దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది మద్రాసులోనే, 1895లో. తొలిరోజుల్లో కరెంటు రోడ్డు కింద తవ్విన కాలువలోంచి అందేది, పైన తీగలు తర్వాత వచ్చాయి. 1953 ఏప్రిల్‌లో ట్రాములు ఆపేశారు. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మౌంట్ రోడ్డులో ఇప్పుడు పట్టాలెక్కడ? మా ఇంటికి మిగిలిన ఆనవాలు ఈ కాగితమే.

షాపు అబ్బాయి స్కాన్ తీసి, కంప్యూటర్‌లో మరకలు తుడుస్తూ మధ్యలో ఆపి నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఈ ఎర్రగీత మరకా, మ్యాపులోదేనా? పెన్సిలు గుర్తులు ఉంచాలా?" ఆ ఒక్క మాటకే ఐదు స్టార్లు ఇస్తాను. ఇదివరకు వేరేచోట పాత ఫొటో ఇస్తే, శుభ్రం చేస్తున్నామంటూ వెనకున్న షాపు బోర్డు కూడా చెరిపేశారు.

ఒరిజినల్ గోడకి పెట్టొద్దని తనే చెప్పాడు, వెలుతురికి ఎరుపు త్వరగా వెలిసిపోతుందని. అందుకని ఫ్రేములో ఉన్నది మ్యాట్ కాగితం మీద తీసిన ప్రింటు. అది అద్దానికి తగలకుండా చుట్టూ మౌంట్ బోర్డు, అంటే మందపాటి అట్ట, పెట్టాడు. మన బీచ్ గాలికి తేమ పట్టి కాగితం అద్దానికి అతుక్కుందంటే ఇక ఊడి రాదు, చిరగాల్సిందే. వెనక కొక్కేలు కూడా తుప్పు పట్టనివి అడిగి వేయించుకున్నాను.

వారంలో ఇస్తామన్నది రెండు వారాలు పట్టింది, అదీ నేను ఫోన్ల మీద ఫోన్లు చేస్తే. మెరవని అద్దం వాళ్ళ దగ్గర లేదు, కిటికీకి ఎదురుగా పెడితే సగం మ్యాపు కనబడదు. మొత్తం 2,800 తీసుకున్నారు. ప్రింటు నాణ్యత చూస్తే ఎక్కువనిపించలేదు. స్కాన్ ఫైలు మాత్రం అడిగితేనే ఇస్తారు, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళండి.