నాలుగేళ్ళుగా బ్లెండర్‌లో చీరలు ఆరేస్తున్నాను

విజయవాడలో చీరల షాపులకి చిన్న చిన్న యానిమేషన్ యాడ్లు చేసి బతికేవాళ్ళలో నేనొకడిని. పదిహేను సెకన్ల వీడియో, గాలికి ఊగే పైట, చివర్లో పండగ ఆఫర్. అంతే పని. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక ఉచితంగా దొరికే బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. అందులో నేను ఎక్కువ తిట్టుకున్నదీ, ఎక్కువ నేర్చుకున్నదీ, గుడ్డ ఎలా కదలాలో చెప్పే క్లాత్ సెట్టింగుల దగ్గరే.

బ్లెండర్ వాడు రెడీమేడ్‌గా ఐదు రకాల గుడ్డలు ఇస్తాడు: కాటన్, డెనిమ్, లెదర్, రబ్బర్, సిల్క్. కొత్తలో నేనూ సిల్క్ నొక్కేసి పట్టుచీర వచ్చేస్తుందనుకున్నాను. తీరా చూస్తే మెడకి చుట్టుకునే పల్చటి స్కార్ఫులాంటిది వచ్చింది. అందులో బెండింగ్, అంటే గుడ్డ వంగకుండా నిలిచే బిగువు, 0.05 మాత్రమే. మన పట్టుచీరకి మడత పెడితే మడత నిలవాలి కదా. అందుకే ఇప్పుడు కాటన్‌తో మొదలుపెట్టి బెండింగ్ పెంచుకుంటూ పోతాను. మా ఇంటి భాషలో చెప్పాలంటే బెండింగ్ అంటే గంజి. కాటన్‌లో ఉండే 0.5 ఉతికి ఆరేసిన చీర, ఐదు దగ్గరికొస్తే గంజి పెట్టిన చీర. డెనిమ్‌లో పది ఉంటుంది, అంతదాకా వెళ్తే అట్టముక్కే.

అసలు పాఠం ఒక మంగళగిరి చీర నేర్పింది. ఒళ్ళంతా సాదా, అంచుకి జరీతో నిజాం బోర్డర్. రెండు రోజులు కూర్చుని చేసి తీసుకెళ్తే షాపు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాబూ, ఇది చీరలా లేదు, దోమతెరలా ఉంది. అంచు బరువేదీ?" అన్నారు. నిజమే. గుడ్డ అంతా ఒకే బరువుతో ఎగురుతోంది. గంజిని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చేసుకోవడానికి, గుడ్డ మీద బ్రష్‌తో రాసినట్టు ఎక్కువతక్కువలు గుర్తుపెట్టే వెయిట్ పెయింట్ ఉంది గానీ, బరువుకి అలాంటిది లేదు. వారం రోజులు టెన్షన్.

చివరికి వెర్టెక్స్ మాస్ అన్న పేరులోనే జవాబు దొరికింది. కాటన్‌లో ఉండే 0.3 మొత్తం గుడ్డ బరువు కాదు, గుడ్డని వలలా అల్లే బిందువుల్లో (వెర్టెక్స్) ఒక్కోదానిది. అంటే బిందువులు ఎక్కువున్న చోట బరువు ఎక్కువ. అంచు పొడుగునా నాలుగు లూప్ కట్లు, అంటే కొత్త బిందువుల వరసలు, అదనంగా వేశాను, అక్కడే బెండింగ్ కూడా పెంచాను. మళ్ళీ ఆడించి చూస్తే పైట ఎగిరి, అంచు ముందు కిందికి జారి, మిగతా గుడ్డ దాని వెనకాల నెమ్మదిగా వచ్చింది. ఒక్కడినే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నునుపు కోసం గుడ్డ మొత్తాన్ని సబ్‌డివైడ్ చేస్తే, అంటే ఇంకా చిన్న గళ్ళుగా విడగొడితే, చీర మొత్తం బరువెక్కి రబ్బరులా సాగుతుంది. అప్పుడు ఫ్రేముకి ఎన్నిసార్లు లెక్కేయాలో చెప్పే క్వాలిటీ స్టెప్స్ ఐదు నుంచి పన్నెండో పదిహేనో చేయాలి, బేకింగ్ (కదలికంతా ముందే లెక్కగట్టి దాచుకోవడం) టైము కూడా దాంతోపాటే పెరుగుతుంది. అందుకే తక్కువ బిందువులున్న పల్చటి మెష్‌తో (వలతో) గుడ్డ కదలిక లెక్క, అంటే సిమ్యులేషన్, నడిపి, సబ్‌డివిజన్‌ని మాడిఫయర్ల (ఒకదాని తర్వాత ఒకటిగా పనిచేసే మార్పుల) వరసలో క్లాత్ కింద పెడతాను.

బేకింగ్ అంటే గుర్తొచ్చింది. ఒక మే నెల రాత్రి ఫైలు సేవ్ చేయకుండా 250 ఫ్రేములు బేకింగ్‌కి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి ముందు సేవ్, తర్వాత లెక్కని హార్డ్‌డిస్క్‌లో దాచే డిస్క్ క్యాష్ టిక్కు, ఆ తర్వాతే బేక్.

గుడ్డలోంచి ఒళ్ళు పొడుచుకొస్తుంటే చాలామంది, గుడ్డ ఒంటికి తగిలే తీరు చూసే కొలిజన్ నంబర్లు పట్టుకుని వేలాడతారు. నా అనుభవంలో సగంసార్లు కారణం స్కేల్ అప్లై చేయకపోవడమే, అంటే బొమ్మ సైజు మార్చి ఆ మార్పుని ఖాయం చేయకపోవడం. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ సరిచేసుకున్నాకే, కొలిజన్‌లో గుడ్డకీ ఒంటికీ మధ్య ఉంచే 0.015 దూరాన్ని ముట్టుకోండి. గుడ్డ తనకి తానే తగలడం చూసే సెల్ఫ్ కొలిజన్ ఆన్ చేయడం అన్నిటికన్నా ఆఖరి పని.

కర్టెన్, జెండా, ఉత్తరీయం లాంటివాటికి బ్లెండర్ హాయిగా సరిపోతుంది. కట్టిన చీరకి మాత్రం ఏడిపిస్తుంది. కుచ్చిళ్ళు సిమ్యులేషన్‌తో రప్పించాలని నెలల తరబడి చూశాను, ప్రతిసారీ జారి పాదాల దగ్గర కుప్ప. వెనక నుంచి చూస్తున్న అమ్మ, "బొడ్డు దగ్గర దోపకుండా ఎలా నిలుస్తాయిరా?" అంది. ఇప్పుడు కుచ్చిళ్ళు చేత్తోనే మలిచి, నడుము దగ్గరి బిందువుల్ని పిన్ గ్రూపులో, అంటే జారకుండా పట్టి ఉంచే గుంపులో, పెడుతున్నాను. కదలాల్సినవి మోకాలి కింద నుంచే కదులుతున్నాయి.

మొన్న అది చూపిస్తే షాపు పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "కొంగు ఒక మూర ఎక్కువైంది, తగ్గించు" అన్నారు.