ఆడుకోనిస్తారు, పట్టుకుపోనివ్వరు

దేవరకొండ బస్టాండు దగ్గర నాది జిరాక్సు, ఇంటర్నెట్ దుకాణం. ఎండాకాలం మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు కాబట్టి, ఉన్న మూడు కంప్యూటర్లలో ఒకటి సెలవులకు వచ్చిన మా మేనల్లుడి సొంతమైపోతుంది. వాడిది చందంపేట వైపు ఊరు. వాళ్ల ఇంట్లో ఫోను మాట్లాడాలంటే మా అన్నయ్య మేడ ఎక్కి ఒక మూల నిలబడాలి. ఇక నెట్ మాట ఎత్తకపోవడమే మంచిది. ఈసారి వాడు ఒక ఉచిత ఆటల సైటులో లారీ ఆట పట్టుకున్నాడు. ఇటుకల లారీని గుట్ట మీదికి, ఒక్క ఇటుకా రాలకుండా తోలాలి. వారం రోజులు వాడికి అదే లోకం. ఊరికి బయలుదేరే రెండు రోజుల ముందు పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, "అత్తా, దీంట్లో ఎక్కించి ఇవ్వు" అన్నాడు.

ఎక్కించలేకపోయాను. సైటు పేరు రాయను, ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకే తీరుగా నడుస్తాయి.

ముందు మంచి చెబుతాను. ఖాతా తెరవమనదు, ఫోను నంబరు అడగదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న నా ముసలి కంప్యూటర్లో కూడా లారీ తడబడలేదు. ఆటకు ముందు ఒక ప్రకటన, ప్రతి మూడు మెట్లకు మరొకటి. భరించవచ్చు.

ఎక్కించడం చిటికెలో పని అనుకున్నది పాత అలవాటు వల్ల. ఒకప్పుడు ఇలాంటి ఆటలు ఎక్కువగా ఫ్లాష్ అనే అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేరులో ఉండేవి. చాలా వాటికి ఆటంతా ఎస్‌డబ్ల్యూఎఫ్ అనే ఒక్క ఫైలులోనే. అది దొరికితే నెట్ లేని ఇంట్లోనూ ఆడుకోవచ్చు. అలా ఎంతమంది పిల్లలకు నింపి ఇచ్చానో లెక్కలేదు, తప్పని తోచనూ లేదు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మంగళం పాడింది. ఇప్పటి ఆటలు బ్రౌజరు నేరుగా చదివే హెచ్‌టీఎంఎల్5, జావాస్క్రిప్టు భాషలతో అల్లినవి. బొమ్మలు ఒకచోట, శబ్దాలు ఒకచోట, కోడు మరోచోట ఉండి, ఆడుతుండగా కావలసినప్పుడు దిగుతుంటాయి.

మొదట పేజీ మొత్తాన్ని సేవ్ చేశాను. తెరిస్తే పేజీ మధ్యలో నల్లటి చదరం, చుట్టూ మిగతా ఆటల బొమ్మలు. ఆట అసలు ఆ పేజీలో లేదు, వేరే సర్వరు నుంచి వచ్చి, పేజీలో పెట్టిన కిటికీ లాంటి ఒక ఫ్రేములో కనిపిస్తోందంతే. ఆ ఫ్రేము చిరునామాను విడిగా తెరిచాను. ఈ ఆటను మా సైటులోనే ఆడండి అని ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. దీన్ని సైట్‌లాక్ అంటారు. ఆట మొదలవగానే తాను ఏ చిరునామాలో ఉన్నానా అని చూసుకుంటుంది, అనుమతి ఉన్న చోటు కాకపోతే కదలదు. పట్టు వదలక, దిగిన ఫైళ్లను ఒక్కొక్కటిగా ఏరి, ఫోల్డరులో పేర్చి తెరిచాను. లోడింగ్ గీత సున్నా దగ్గరే నిలబడింది.

ఈ మూడో అడ్డు సైటుది కాదు, బ్రౌజరుది. డిస్కు నుంచి నేరుగా తెరిచిన పేజీ పక్కనున్న ఫైళ్లను చదవబోతే బ్రౌజరు ఒప్పుకోదు. ఒప్పుకుంటే, ఎవరో పంపిన పేజీ తెరిచిన పాపానికి మన కాగితాలన్నీ వాళ్ల చేతికి పోవచ్చు. సాయంత్రం చెరిపేసేదాకా ఊరందరి ఆధార్ స్కాన్లు నా కంప్యూటర్లోనే ఉంటాయి. లారీ కదలకపోయినా ఈ కాపలా నాకు నచ్చింది.

దుకాణంలోనే చిన్న సర్వరు నడిపి ఈ అడ్డు దాటవచ్చు. దాటినా సైట్‌లాక్ అలాగే ఉంటుంది. దాన్ని విరగ్గొట్టడం వేరే సంగతి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షను వచ్చింది. కాపీ కాకుండా పెట్టిన సాంకేతిక ఏర్పాటును, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు. ఇటుకల లారీ కోసం నేను అంత దూరం పోను.

అయినా ఉచితమైనదానికి తాళమెందుకని మా వాడి ప్రశ్న. పక్క టీ హోటల్లో రోజూ పేపరు చదువుతాను, ఎవరూ డబ్బు అడగరు. మడిచి సంచిలో పెట్టుకున్నానంటే మాత్రం హోటలాయన రోడ్డు దాకా వచ్చి కేకేస్తాడు. పేపరుంటే మనుషులు కూర్చుంటారు, కూర్చుంటే టీ తాగుతారు. ఇక్కడ టీ అంటే ప్రకటన. అది సైటులో కనిపిస్తేనే సైటుకూ ఆట తయారుచేసినవాళ్లకూ రూపాయి. పెన్‌డ్రైవులో చేరిన ఆటకు ఏమీ రాదు. పైగా ఫ్లాష్ రోజుల్లో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లు ఎత్తుకుపోయి, సొంత సైటులో సొంత ప్రకటనలతో నడిపినవాళ్లు ఉన్నారు. తయారుచేసినవాడికి పైసా ముట్టేది కాదు.

అయితే ఆ ఫ్లాష్ ఆటలు ఇవాళ ఇంకా బతికి ఉన్నాయంటే పాత వెబ్ ఆటలను భద్రపరిచే ఫ్లాష్‌పాయింట్ ప్రాజెక్టులోని స్వచ్ఛంద సేవకులు, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం వంటివాళ్లు కాపీలు దాచబట్టే. తాళం వేసిన ఆట, సైటు మూతపడితే దానితో పాటే పోతుంది. ఈ ముక్క తలచుకుంటే నాకు కొంచెం దిగులే.

నా అసలు కోపం ఇంకొకటి. ఆట కిందనే డౌన్‌లోడ్ అని పచ్చటి బటన్ ఉంది. నొక్కితే ఆట కాదు, ఊరూ పేరూ లేని ఈఎక్స్ఈ ఫైలు, అంటే ఏదో ప్రోగ్రాము, దిగింది, యాంటీవైరస్ గగ్గోలు పెట్టింది. అది కూడా ప్రకటనేనట! ఆటను పట్టుకుపోవడం కుదరదని మొదటే ఒక వాక్యం రాసి, ఆ బటన్ తీసేసి ఉంటే ఐదుకు నాలుగు ఇచ్చేదాన్ని. ఇప్పుడు మూడే.

చివరికి 2048 అనే ఆట ఎక్కించాను, ఒకే అంకె ఉన్న గళ్లను కలుపుతూ 2048 దాకా చేరాలి. 2014లో ఇటలీకి చెందిన గాబ్రియెల్ చిరుల్లి అనే 19 ఏళ్ల కుర్రవాడు రాసి, ఎవరైనా కాపీ చేసుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సుతో కోడును అందరికీ వదిలేశాడు. ఫోల్డరు తెరిచి ఇండెక్స్ ఫైలు మీద నొక్కితే చాలు, నెట్ అక్కర్లేదు. క్రోమ్‌లో నెట్ లేనప్పుడు కనిపించే డైనోసార్‌ను స్పేస్ మీట నొక్కి పరిగెత్తించడమూ చూపించాను. వాడు పెదవి విరిచాడు. "ఇందులో లారీ లేదు కదా అత్తా."

మొన్న ఆదివారం మేడ మీది నుంచి ఫోను చేశాడు. 1024 దాకా వచ్చాడట. "దసరాకు వచ్చేసరికి లారీ ఆట అక్కడే ఉంటుందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే సిగ్నల్ పోయింది.