చుట్లు ఎక్కువున్నంత మాత్రాన ఫోర్కు స్ప్రింగు గట్టిది కాదు: తిరుపతి చుట్టుపక్కల పాత టూరింగ్ బండ్లున్నవారికి హెచ్చరిక

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350కి ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) స్ప్రింగులు మార్పించాలనుకుంటున్న మిత్రులు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ‘హెవీ డ్యూటీ’ అని చెప్పి తిరుపతిలో ఒక దుకాణంలో నాకు అమ్మిన స్ప్రింగులు బండితో వచ్చిన పాత స్ప్రింగుల కంటే గట్టివి కావు, కొలిచి చూస్తే కొంచెం మెత్తవని తేలింది. ఈ సంగతి తెలిసేలోపు ఫోర్కు నూనె బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీలు పాడైంది, ఫోర్కు మూత మర పాడైంది, స్ప్రింగులకూ కూలికీ మళ్లీ విప్పి బాగు చేయించడానికీ కలిపి తొమ్మిది వేల రూపాయలకు పైగా పోయింది.

నా బండి 2013 నాటిది. ఈ మోడల్ తయారీ 2020లో ఆగిపోయింది కాబట్టి విడిభాగాల కోసం బయటి దుకాణాలను ఆశ్రయించక తప్పని రోజులివి. నేనూ మా ఆవిడా సామానుతో సహా తరచుగా భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె వైపు వెళ్తుంటాం. తిరుమల నుంచి దిగేటప్పుడు, అంటే 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులోని ముప్పై ఆరు మలుపుల్లో, బ్రేకు పట్టిన ప్రతిసారీ బండి ముక్కు బాగా కిందికి వంగేది. స్ప్రింగులు పాతబడి కుంగాయన్న నా అంచనా తప్పు కాదు. తప్పు జరిగింది కొనేటప్పుడు.

దుకాణదారు పాత స్ప్రింగునూ కొత్తదాన్నీ గల్లా బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో చుట్లు లెక్కపెట్టి చూపించాడు. కొత్తదానికి మూడు చుట్లు ఎక్కువ. పొడవు కూడా 28 మిల్లీమీటర్లు ఎక్కువ. “చుట్లు చూడండి సార్, ఇది వేసినాక బండి రాయి మాదిరి నిలబడతాది” అన్నాడు. రెండు చేతులతో నొక్కి చూస్తే నాకూ గట్టిగానే అనిపించింది. దయచేసి ఎవరూ చేతి నొక్కుడును నమ్మకండి, ఇంత గట్టి స్ప్రింగుల్లో పది శాతం తేడాను చేయి పట్టుకోలేదు.

అసలు విషయం చుట్ల లెక్కలోనే ఉంది. స్ప్రింగు గట్టిదనాన్ని తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య నిర్ణయిస్తాయి. తీగ మందం ప్రభావం నాలుగో ఘాతంలో ఉంటుంది, అంటే తీగ ఐదు శాతం మందమైతే స్ప్రింగు దాదాపు 21 శాతం గట్టిపడుతుంది. చుట్ల ప్రభావం దీనికి వ్యతిరేకం. అదే తీగ, అదే వ్యాసం ఉండి చుట్లు పెరిగితే అదే బరువుకు మెలితిరిగే తీగ పొడవు పెరిగి స్ప్రింగు మెత్తబడుతుంది. నేను తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే రెండు స్ప్రింగుల తీగ మందమూ ఒకటే, బయటి వ్యాసమూ ఒకటే. బల్ల మీద నాకు బలానికి రుజువుగా చూపించిన ఆ మూడు చుట్లే దాన్ని మెత్తబరిచాయి.

అయితే వేసిన మొదటి రోజు బండి గట్టిపడినట్టే అనిపించింది. కారణం ఏమిటంటే, 28 మిల్లీమీటర్ల అదనపు పొడవును లోపలికి నొక్కి మూత బిగించడం వల్ల స్ప్రింగు ముందే అంత మేర అణిగి ఉంది, దీన్నే ప్రీలోడ్ అంటారు. ప్రీలోడ్ బండిని ఎత్తుగా నిలబెడుతుంది గానీ స్ప్రింగు గుణాన్ని మార్చదు. మునుపు నేను కూర్చుంటే ముందు భాగం 46 మిల్లీమీటర్లు దిగేది, ఇప్పుడు 21 మాత్రమే దిగింది. నేను కూర్చోకుండా బండి తన సొంత బరువుకు దిగింది 4 మిల్లీమీటర్లే. చక్రం గుంతలోకి జారడానికి కావలసిన చోటు అలా పోయింది. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ఫోర్కు పూర్తిగా సాగి లోపల ‘టక్’మని కొట్టుకునేది, ఆ దెబ్బ హ్యాండిల్ బార్ మీద అరచేతుల్లోకి వచ్చేది. బ్రేకు పట్టినప్పుడు మాత్రం ముక్కు మునుపటంత దూరమూ వంగుతూనే ఉంది, కాకపోతే కాస్త పైనుంచి మొదలయ్యేది.

రాత్రి ప్రయాణంలో మరో ప్రమాదం బయటపడింది. ముందు భాగం 25 మిల్లీమీటర్లు లేచింది, చక్రాల మధ్య దూరం సుమారు 1,350 మిల్లీమీటర్లు. ఈ లెక్కన యాభై మీటర్ల దూరంలో హెడ్‌లైట్ వెలుగు తొంభై సెంటీమీటర్లకు పైగా ఎత్తుకు పోతుంది. చంద్రగిరి దాటాక ఎదురొచ్చే లారీలన్నీ నాకు లైట్లు కొడుతుంటే కారణం అర్థం కాలేదు. వెలుగు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతోందని గమనించింది వెనుక కూర్చున్న మా ఆవిడే.

బిగింపులో జరిగిన తప్పులు మరింత బాధపెట్టాయి. పొడవైన స్ప్రింగును అణచడానికి మెకానిక్కు టీ స్పానర్ మీద ఛాతీ ఆనించి బరువంతా వేసి మూత తిప్పాడు. స్ప్రింగు పైనుండే గొట్టం ముక్కను, అంటే స్పేసర్‌ను, ఆ మేరకు కోయించి పొట్టి చేయాలన్న ఆలోచన అతనికీ నాకూ రాలేదు. మూత వంకరగా ఎక్కింది. రెండోసారి విప్పినప్పుడు మొదటి మర చుట్టు నలిగి, సన్నటి లోహపు పొడి నూనెలో మెరుస్తూ కనిపించింది. ఫోర్కు ఆయిల్ విషయంలోనూ అంతే. పాత నూనె పూర్తిగా కారిపోకముందే మాన్యువల్‌లో ఉన్న పరిమాణం పోసి, “గట్టిగా ఉంటాదన్నా” అంటూ ఇంకొంచెం కలిపాడు. ఫోర్కులో నూనె పైన ఉండే గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. నూనె అణగదు, గాలి అణుగుతుంది. నూనె ఎక్కువై గాలి చోటు తగ్గితే, ఫోర్కు చివరిదాకా దిగినప్పుడు లోపలి ఒత్తిడి అమాంతం పెరిగి సీలును తోసేస్తుంది. మూడు వారాల్లో డిస్కు బ్రేకు ఉన్న వైపు గొట్టం మీద నూనె వలయం ఏర్పడి, దుమ్ము పట్టి, బ్రేకు కాలిపర్ దిశగా కారడం మొదలైంది. ఆ నూనె బ్రేకు ప్యాడ్లను తాకి ఉంటే తిరుమల దిగుడులో ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మీరు కొనేటప్పుడు అడగవలసిన మొదటి మాట స్ప్రింగు రేటు, అంటే స్ప్రింగును ఒక మిల్లీమీటరు అణచడానికి ఎంత బలం కావాలన్నది. కిలో ప్రతి మిల్లీమీటరుకు ఎంత, లేదా న్యూటన్ ప్రతి మిల్లీమీటరుకు ఎంత అన్న అంకె చెప్పలేని సరుకును కొనకండి. చెప్పినా బిల్లు మీద రాయించండి, నా బిల్లులో ‘ఫోర్కు స్ప్రింగు 1 సెట్’ అని మాత్రమే ఉంది. నమ్మకం కుదరకపోతే లేతు షాపులో కొలిపించవచ్చు. నేను చేయించింది ఇలా: డ్రిల్లింగ్ మిషన్ కింద తూకం యంత్రం పెట్టి, స్ప్రింగు పక్కకు వంగకుండా లోపల ఒక కడ్డీ నిలబెట్టి, 30 మిల్లీమీటర్లు నొక్కి బరువు చూశాం. కొత్త స్ప్రింగు పాతదానికంటే కిలోకు పైగా తక్కువ చూపింది. పావుగంట పని అది, ఫోర్కు విప్పకముందే చేయించి ఉండవలసింది.

నూనెను పరిమాణంతో కాకుండా మట్టంతో కొలవమని పట్టుబట్టండి. స్ప్రింగు బయటకు తీసి, ఫోర్కును పూర్తిగా దించి, నాలుగైదుసార్లు ఆడించి గాలి బుడగలు పోయాక, గొట్టం పై అంచు నుంచి నూనె దాకా స్కేలుతో కొలవాలి, ఫోర్కు రెండు గొట్టాల్లోనూ ఒకే అంకె రావాలి. చిక్కటి నూనె పోస్తే చాలన్న సలహా కూడా వినిపిస్తుంది. చిక్కటి నూనె ఫోర్కు కదిలే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప బండి బరువును మోయదు. బిగించాక ఫోర్కు గొట్టానికి ఒక కేబుల్ టై కట్టి, మీరు మామూలుగా తీసుకెళ్లే సామానుతో కూర్చుని ఎంత దిగిందో చూడండి. రోడ్డు బండికి 30 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరిపోతుంది.

దుకాణంలో నా కొలతలు చూపించినా, ప్యాకెట్ విప్పిన సరుకును వాపసు తీసుకునేది లేదన్నారు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. సరుకు విలువ ఐదు లక్షల లోపైతే అక్కడ రుసుము లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ప్రస్తుతానికి పాత స్ప్రింగులనే మళ్లీ వేయించి, కొత్త సీళ్లు, సరైన మట్టంలో కొత్త నూనె పోయించుకుని, సామాను తగ్గించుకుని నడుపుతున్నాను. పసుపు రంగు పూసి, ఏ అంకే ముద్రించని ‘హెవీ డ్యూటీ’ జత తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ మీరూ కొని ఉంటే, బిగించకముందే తీగ మందం, చుట్లు, పొడవు కొలిచి నాకు రాయండి. ఇద్దరు ముగ్గురి కొలతలు తోడైతే నా ఫిర్యాదుకు బలం వస్తుంది.